ఇన్‌స్పెక్షన్‌కి ముస్తాబైన వీధి

ఆ వయసులో నాకు వంశప్రతిష్ఠ తప్ప వేరే ఆస్తి లేదు. అందుకే దాన్ని వీపుకి చెక్క కట్టుకున్నట్టు నిటారుగా మోసేవాణ్ణి. కలకత్తా వైపు రైల్వే ఊళ్లో, తెలుగువాళ్ల పేట ఖరిదాలో మా చిన్న వీధిని మా ముత్తాత కట్టించాడు (తరవాతివాళ్లు ఒక్కో ఇల్లే అమ్ముకుంటూ వచ్చి, మాకు చివరి రెండు గదులు మిగిల్చారు). రోడ్డు వెడల్పు చేయడానికి వీధిని కూల్చేస్తారని తెలిసి, చారిత్రక వీధిగా గుర్తించమని ప్రభుత్వానికి నేనే అర్జీ పెట్టాను. గుర్తింపు వస్తే ఇళ్లు నిలుస్తాయి. కలకత్తా నుంచి ఒక అధికారిణి ఆదివారం చూడటానికి వస్తానంది.

ఆ మాట చెప్పగానే ఎదురింటి పెయింటు మావయ్య లేచి నిలబడ్డాడు. వర్క్‌షాపులో రైలుపెట్టెలకు రంగులు వేసి రిటైరైన మనిషి. "ఇనస్పెక్సనంటే సున్నమెయ్యకుండా ఎలగ బాబూ? దొరలొస్తన్నారంటే సెట్లకి కూడా రంగేసినోళ్లం!" రైల్వే ఊళ్లో ఆ వాదనకు ఎదురుండదు. శనివారం సాయంత్రానికి పాత ఇటుకలు సున్నం కిందకి, టేకు తలుపులు రైలుపెట్టె నీలం కిందకి వెళ్లిపోయాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని పర్యవేక్షించాను (పని చేయడం మా ఇంటా వంటా లేదు). ముత్తాత పేరున్న రాతికి మాత్రం బంగారు రంగు పులిమించాను.

అధికారిణి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, నన్నే బెంగాలీలో అడిగింది: "దాదా, పురోనో పాడా కోథాయ్?" (పాత వీధి ఎక్కడని.)

"ఇదే దీదీ!" అన్నాడు మావయ్య పొంగిపోతూ. "కొత్తదాన్లా లేదేటి?"

ఆవిడ నవ్వలేదు. రంగంతా గీకి పాత ఇటుక చూపిస్తే ఇంకొక్కసారి వస్తానని చెప్పి వెళ్లిపోయింది. వీధి వీధంతా ఇనప బ్రష్షులు పట్టుకుంది. నేను యథాప్రకారం చేతులు వెనక్కి కట్టుకోబోతే, మావయ్య ఒక బ్రష్షు నా చేతిలో పెట్టాడు. "మీ ముత్తాత కట్టించినాడు, నువ్వు గోకు బాబూ. ఏటలా సూస్తావు? వొంగు!"

వంగాను. ఇటుకలు బయటపడ్డాయి, ఆవిడ వచ్చింది, గుర్తింపూ వచ్చింది. ఇకమీదట అనుమతి లేకుండా సున్నం వేయకూడదన్న నిబంధన ఒక్కటే మావయ్యకు మింగుడుపడలేదు ("పండక్కి కూడానేటి?").

గీకడం ముగిసిన రోజు ఎవరో తీసిన ఫొటో నా దగ్గరుంది. అందరూ దుమ్ము కొట్టుకుపోయి, అరుగుల మీద కూలబడి నవ్వుతున్నారు. మధ్యలో తల నుంచి పాదాల దాకా సున్నమైన ఒక కుర్రాడు, గడ్డం పైకెత్తి, పట్టాభిషేకానికి వచ్చినట్టు నిలబడ్డాడు. పక్కనే మావయ్య జరిగి అతనికి చోటిచ్చాడు. ఆ చోటు ఖాళీగానే ఉంది. కూర్చోవయ్యా, ఎవరూ ఏమీ అనుకోరు, అని ఆ కుర్రాడితో చెప్పాలనిపిస్తుంది.