కోడలు సాకిన పిల్లలు

కర్నూలు రాజధాని అయిన ఏడాదే నన్ను ఆలూరు దారిలోని ఒక పల్లెకు ఇచ్చారు. అత్తగారింట్లో నాలుగెకరాల మెట్ట, ఇరవై నల్లగొర్రెలు ఉండేవి. నేను కాపురానికి వెళ్లిన కార్తీకంలో ఒకే వారంలో తొమ్మిది గొర్రెలు ఈనాయి.

ఆ ఇంట్లో తెల్లవారగానే అత్త గొర్రెల పాలు పిండేది. ఆ తర్వాతే పిల్లలను వదిలేవాళ్లు. నెల దాటినా వాటి వెన్నెముకలు చేతికి గుచ్చుకునేవి. మా పుట్టింట్లో పిల్లలు మేత పట్టేదాకా మా అమ్మ గొర్రె పొదుగు మీద చెయ్యి వేసేది కాదు. ఆ మాట మామకు చెప్పాలని ఉండేది, కానీ కొత్త కోడలు మామ ఎదుట నోరు విప్పే కాలం కాదది. అత్తతో చెప్పించాను. పాలు పిండకపోతే సంగటిలోకి మజ్జిగ ఎక్కడిదని ఆయన అడిగాడట. నా వంతు మజ్జిగ మానేస్తాను, రెండు పిల్లలను నాకు వదలమని మళ్లీ అడిగించాను. ఆయన నవ్వి సరే అన్నాడు.

అన్నింటిలోకి బక్కవాటినే ఎంచుకున్నాను, ఒకటి పొట్టేలు, ఒకటి ఆడది. వాటి తల్లులను ఎవరూ పిండలేదు. మధ్యాహ్నం కాయలు తెంపి ఎండబెట్టిన వేరుశనగ కట్టె ఆకు దులిపి చాటలో పెట్టేదాన్ని. మొదట్లో వాసన చూసి తుమ్మేవి. పది రోజులకు చాట కూడా నాకేవి. నేను పచ్చిపులుసుతో సంగటి తినేదాన్ని. నిజం చెప్పాలంటే మజ్జిగ కోసం ప్రాణం లాగేది. ఒకరోజు అత్త ఎవరూ చూడకుండా నా పళ్లెంలో ఒక గరిటె పోసింది. వద్దనలేదు.

ఉగాది దాటాక ఆదోని నుంచి గొర్రెలు కొనే మనిషి వచ్చాడు. పిల్లలను ఒక్కొక్కటే పొట్టకింద చెయ్యి వేసి లేపి, నడుము నొక్కి చూశాడు. నా రెండింటి దగ్గర ఆగి, ఇవి ముందటి ఈతవి, వేరే కట్టెయ్యమన్నాడు. నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను.

"కాదప్పా," అన్నాడు మామ. "అన్నీ ఒగే వారంలో పుట్టినాయి. ఈ రెండూ మా కోడలు సాకింది."

ఆ ఆదోని మనిషి నమ్మలేదు. పొట్టేలుపిల్ల నోరు తెరిచి పళ్లు చూసి, మళ్లీ లేపి చూసి, చివరికి దాన్నే ఇమ్మన్నాడు. మామ ఇవ్వలేదు. విత్తనానికి ఉంచుకుంటానన్నాడు.

అతను వెళ్లాక మామ తలుపు వైపు తిరిగాడు. అంతవరకు నాతో ఆయన నేరుగా మాట్లాడింది లేదు.

"అమ్మా, వచ్చే ఈత పిల్లలన్నీ నీ సేతికే. పొదుగు ముట్టేది నువ్వు సెప్పినాకనే."

నా ముఖం వేడెక్కింది. తలూపాను. దొడ్డి వెనక్కి పోయి ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను.

ఆ తర్వాతి సంవత్సరం ఎమ్మిగనూరు వైపు నుంచి కూడా మా పొట్టేలు కోసం గొర్రెలను తోలుకొచ్చారు. పిల్లలకు ఏం పెట్టినారని అడిగినవాళ్లకు మామ జవాబు చెప్పేవాడు కాదు, నన్ను పిలిచేవాడు. నేను పంచలోకి వచ్చి నిలబడి చెప్పేదాన్ని.