పదకొండు ‘ఇక్కడ నొక్కండి’లు

మా డిగ్రీ కాలేజీ వెబ్‌సైట్లో నోటీసులు పెట్టేది నేనే. ఈ రోజు పొద్దున, చూపు లేని మా విద్యార్థిని రజిత స్టాఫ్ రూముకు వచ్చింది. రేపే పరీక్ష, హాల్ టికెట్ దొరకడం లేదంది. ప్రతి నోటీసు కిందా లింకు ఉందిగా అన్నాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే తన ఫోనుతో లింకులన్నీ వరుసగా చదివించింది. ఫోను పదకొండు సార్లు ‘ఇక్కడ నొక్కండి’ అని ఊరుకుంది.

“కరీంనగర్ బస్టాండుల కండక్టర్లందరు ఊరి పేరు చెప్పకుంట ‘ఎక్కుండ్రి, ఎక్కుండ్రి’ అని మొత్తుకుంటే, మీరు ఏ బస్సెక్కుతరు సార్?” అంది రజిత.

వెంటనే కూర్చుని ఒక్కో లింకుకు దాని పేరే పెట్టాను: ‘హాల్ టికెట్ డౌన్‌లోడ్’, ‘పరీక్షల టైం టేబుల్’. రజితకు రెండు నిమిషాల్లో హాల్ టికెట్ దొరికింది.

సాయంత్రం మా ఆఫీసు క్లర్కు ఫోన్ చేశాడు. “గా ‘ఇక్కడ నొక్కండి’ ఎందుకు తీసేసిండ్రు సార్? హాల్ టికెట్ అని అయితే కనవడుతుంది. మరి నొక్కుడు ఏడ?”

ఈ ఇద్దరిలో ఎవరిని చేయి పట్టుకుని నడిపించాలో నాకైతే అర్థం కావడం లేదు. మీరైనా చెప్పండి.