కుర్చీ దిగాక పలికిన పేరు

ఈ రోజు మా కుటుంబ సలహా కేంద్రానికి ఝరాసంగం నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలు కొన్నాళ్లుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదట. అత్త కుర్చీలో కూర్చుంది. అత్త ఎదుట కోడలు కుర్చీ ఎక్కదు కాబట్టి నేల మీద కూర్చుంది. నేను ఆ పిల్లను ఏం అడిగినా పైనుంచి అత్తే జవాబు చెప్తోంది. బయట బొంబాయి రోడ్డు మీది లారీల మోత కూడా ఆవిడ గొంతు ముందు చిన్నబోయింది.

నాకు ఒళ్లు మండింది. లేచి వెళ్లి కోడలి పక్కన షాబాద్ బండల మీద చతికిలబడ్డాను.

"అయ్యో మేడం, మీరు కింద కూసుంటే నేను కుర్చీల ఎట్ల కూసుంట?" అంటూ అత్త కూడా దిగింది.

ముగ్గురం ఎదురెదురుగా కూర్చున్నాం. కాసేపటికి కోడలు తలెత్తింది.

"అత్తమ్మా, నా బిడ్డ పోయినప్పటి సంది ఇంట్ల ఎవ్వరు దాని పేరు తీస్తలేరు. ఇంక నేనేం మాట్లాడాలె?"

అత్త కోడలి చెయ్యి పట్టుకుని, "లచ్చిమి" అని మనవరాలి పేరు పలికింది.

రేపే ఆ గదిలో కుర్చీలన్నీ తీయించేస్తున్నాను. తనిఖీకి వచ్చే ఆఫీసరుకైనా చాపే. కాదనేవాళ్లుంటే చెప్పండి, వింటాను. ముందు వచ్చి కింద కూర్చోండి.