బుధవారం పదకొండింటికి నేనెక్కడున్నాను?

క్లాసులో దయ్యం కథలు చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన లెక్కల టీచర్ని నేను. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నానంటే సిగ్గుగానే ఉంది. నవ్వుకుంటే నవ్వుకోండి.

సొంతూరు కాకినాడ వైపు. శామీర్‌పేటలో మా కాలనీకి వచ్చి తొమ్మిదేళ్లయింది. పెళ్లి చేసుకోలేదు, ఒక్కదాన్నే ఉంటాను. నిరుడు కుడికన్ను వెనక, పుర్రె అడుగున గడ్డ ఉందన్నారు. క్యాన్సర్. మా వాళ్లలో ఎవరూ ఆ పేరు పైకి అనరు. అంటే ఎదుటివాళ్ల చూపే మారిపోతుంది. మోకాళ్ల నొప్పులకు అక్క దగ్గరికి వెళ్తున్నానని కాలనీలో అబద్ధం చెప్పి, అక్కకూ చెప్పకుండా చెన్నై రైలెక్కాను.

మామూలు రేడియేషన్ గడ్డను దాటి అవతలికీ పోయి అక్కడి మంచి కండనూ కాలుస్తుందట. నాకు చెన్నైలో ఇచ్చింది ప్రోటాన్ కిరణాల వైద్యం. ఆ ప్రోటాన్లు ఎంత లోతుకు వెళ్లాలో వాటి వేగాన్ని బట్టి ముందే లెక్క కడతారు. దారిలో కాస్త తగిలినా, బలమంతా గడ్డలోనే దించేసి అక్కడే ఆగిపోతాయి. నా గడ్డను ఆనుకునే చూపు నరం ఉంది కాబట్టి ఇదే మేలన్నారు డాక్టరు.

వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. ముఖానికి అచ్చు తీసిన ప్లాస్టిక్ జాలీ తొడిగి బల్లకు బిగిస్తారు. వెంట్రుకవాసి కదలకూడదు. ఎక్స్‌రే తీసి సరిచూసుకుని అందరూ బయటికి వెళ్లిపోతారు. కిరణం పడేది ఒకటి రెండు నిమిషాలే, నొప్పీ ఉండదు. కానీ అంత ఒంటరితనం నా జన్మలో ఎరగను. బయట బెంచీ మీద అందరికీ ఎవరో ఒకరు ఉండేవారు. నా సంచీ నేనే మోసుకునేదాన్ని.

నాలుగో వారం బుధవారం, పగలు పదకొండింటికి, జాలీ కింద ఊపిరాడలేదు. చేతిలో గంట మీట ఉంది. నొక్కి ఆపించేసి, ఇక రానని చెప్పేద్దామనుకున్నాను. ఇల్లు గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. అయిపోయిందంటూ వచ్చి జాలీ విప్పారు. నేను మీట నొక్కనేలేదు.

ఇంటికి తిరిగొచ్చాక పక్కింటి యాదమ్మక్క గేటు దగ్గరే నిలదీసింది. ఆమెది ఈ ఊరే, పొలం ప్లాట్లయ్యాక మా పక్కనే ఇల్లు కట్టుకుంది. వాళ్ల బోరు మోటారు కాలిపోయిన బుధవారం, పొద్దున పదకొండు వేళ, నీళ్లకని మా నల్లా దగ్గరికి వచ్చిందట. నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నానట.

"ముఖం నిండ జాలీ లెక్క గళ్ల గళ్ల అచ్చులుండె బిడ్డా. ఏమైందంటే ఒక్క మాట జెప్పకపోతివి. నీ చెయ్యి వట్టుకొని శానసేపు కూసున్న. బిందె ఇంట్ల వెట్టి మల్లొచ్చేసరికి నువ్వు లేవు."

జాలీ విప్పాక అరగంట దాకా ఆ గళ్లు ముఖం మీద ఉండిపోతాయి. ఆ సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు? మోటారు బాగుచేసిన కాగితం చూపించమన్నాను. నా ఆసుపత్రి కార్డు పక్కన పెట్టి చూశాను. ఒకే తారీఖు.

అప్పుడు నిజం చెప్పేశాను. గంత కష్టమొస్తే నాకు జెప్పద్దా అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గడ్డ కుంచించుకుపోయింది, చూపు దక్కింది. అది ఎలా జరిగిందో డాక్టరు బొమ్మ గీసి చెప్పగలరు. ఆ బుధవారం సంగతి మాత్రం ఎన్నిసార్లు తిరగేసినా నాకు తేలలేదు. యాదమ్మక్క పట్టుకుని కూర్చున్నది ఎవరి చెయ్యో నాకు తెలియదు. ఆ ఆరు వారాల్లో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.