యాపకర్ర పీపాలో పన్నెండు బీర్లు

నాకు ఇరవై రెండేళ్లు నిండి, లోకంలో మిగతా ఎవరికీ ఏమీ తెలియదని రూఢి అయిన ఆ రోజుల్లో, నాకు ఊరికే కోపం వచ్చేది. హైదరాబాదులో ఓ పెద్ద హోటల్లో వడ్డించే పని. ఒకసారి విదేశీ అతిథి ఒకాయన తాను తెచ్చుకున్న సీసాలోంచి నాకు రెండు గుక్కలు పోశాడు. అది ఓక్ చెక్క పీపాలో నెలల తరబడి నిలవ ఉంచిన బీరట. ముందు రంగు చూడాలనీ, తర్వాత వాసన పట్టాలనీ, గుక్కను నాలుక మీద కాసేపు ఆపాలనీ నేర్పాడు. (నాకు తడిసిన తలుపు వాసనే వచ్చింది. ఆయన వెనీలా అన్నాడని నేనూ వెనీలా అన్నాను.) అప్పటినుంచి మావాళ్లు సీసా మూత పళ్లతో పీకి, గటగటా తాగి, త్రేన్చడం చూస్తే ఒళ్లు మండేది.

హోటల్లో మరమ్మతులని పదిహేను రోజులు సెలవిస్తే, గోపాల్‌పేట దగ్గరి మా ఊరికొచ్చాను. అక్క పెళ్లయ్యాక తొలి దసరా. అక్క ముందే వచ్చింది. పండగనాడు వీపనగండ్ల నుంచి కొత్తల్లుడు వస్తాడని నాన్న పెట్టెడు బీర్లు ముందే తెచ్చి జొన్న బస్తాల వెనక దాచాడు. వాటికి కాస్త సంస్కారం నేర్పుదామనుకున్నాను. ఓక్ అంటే నిఘంటువులో సింధూర వృక్షమని ఉంది. వెళ్లి వడ్రంగి తాతనడిగాను.

"సింధూరం జెట్టు మన దిక్కు యాడుందిరా? యాప ఉంది, తుమ్మ ఉంది. జల్ది జెప్పు."

"యాప అయితే చేదెక్కదా తాతా?"

"నువ్వు పోసేది బీరే గదా. అదేమన్న తియ్యగుంటదా?"

తాత వేపచెక్కలే కోశాడు. బండిచక్రానికి కొట్టినట్టు ఇనుప పట్టీలు కొట్టి చిన్న పీపా చేసిచ్చాడు. పన్నెండు సీసాలూ ఎవరికీ చెప్పకుండా అందులో పోసి, పది రోజులు కొట్టంలో దాచాను.

పండగ మధ్యాహ్నం బావ మంచమ్మీద కూర్చున్నాడు. సీసాలేవని నాన్న అడిగేలోపే నేను పీపా తెచ్చి గ్లాసులు నింపాను.

"బావా, జర ఆగు. ముందు రంగు సూడు." చూశాడు. "ఇప్పుడు వాసన పట్టు." పట్టాడు, మొహం మారింది. "ఇప్పుడు నాలిక మీద ఆపు."

ఆపలేదు. గుక్కంతా నాన్న కొత్త చొక్కా మీద పడింది.

"ఏందిది? అల్లున్ని పిలిచి కషాయం తాపుతరా? గింత బేఇజ్జతా?" అని బావ లేచాడు.

"కూసో అల్లుడా! ముందు వీన్ని సంపుత, ఎన్క నీకు వేరేది తెస్త!" అంటూ నాన్న చెప్పు అందుకున్నాడు.

నాకూ కోపం ఆగలేదు. (నిజం చెప్పొద్దూ, తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం మండుతుంది.) "మీకు తాగనీకె రాదు, అందుకే గట్ల అంటున్నరు!" అని అరిచి, నిరూపించడానికి గ్లాసెత్తి ఒక్క గుక్కలో మింగాను. మరుక్షణం నీళ్ల కుండ దగ్గరికి పరుగెత్తాను.

ఈలోగా బావ చెప్పులేసుకుని బస్సులు ఆగే చోటుకు నడవడం మొదలెట్టాడు. అమ్మ ఏడుపు అందుకుంది. అక్క కాపురం నా పీపాలో మునిగిపోయిందని అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

గరిటె పట్టుకుని అక్క వాకిట్లోకొచ్చింది. అంత కోపంలో ఆమెను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఏమయ్యా, బీరు కోసమొచ్చినవా, నా కోసమొచ్చినవా? పొద్దుగాల్నుంచి పొయ్యికాడ సస్తున్న. ఇంకొక్క అడుగు ముంగటేస్తే నేనీడనే ఉంట, నీ ఎంట రాను!"

వీధంతా విన్నది. బావ ఆగాడు, నేల చూశాడు, మెల్లగా వెనక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు. "కూర ఎయ్యి" అన్నాడు. అక్క నా వైపు తిరిగి, "నువ్వు గూడ కూసో. నోర్మూసుకొని తిను" అంది. తిన్నాను. సెలవయ్యి నేను బస్సెక్కేదాకా నాన్న నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఎవరేది ఎలా తాగినా నాకు కోపం రాదు. కానీ అందరి ముందూ గ్లాసెత్తి నిలబడి, ఊరికి రుచి నేర్పబోయిన ఆ బక్కపలచటి కుర్రాడు గుర్తొస్తే, వాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. ఆ వెంటనే, అబద్ధానికైనా ఎవరో ఒకరు వాడితో "బాగుందిరా" అని ఉంటే ఏం పోయేదని కూడా అనిపిస్తుంది.