గిద్దలూరులో రిబ్బన్ కింద దూరిన రోజు

ఈ ప్రయాణానికి కారణం ఒక కొలత టేపు. నేను పనిచేసే విశ్వవిద్యాలయం లైబ్రరీలో పెద్ద చదువుల హాలు ఒకటి ఉంది. బల్లలు నేలకు బిగించి ఉంటాయి. ఫ్యాన్లు గాలి కన్నా చప్పుడే ఎక్కువ ఇస్తాయి. గోడ మీద ఎర్ర అక్షరాలతో ‘నిశ్శబ్దం’ అని బోర్డు. ఆ బోర్డు చెప్పినట్టే హాలు నిశ్శబ్దంగా ఉంటుంది, ఎందుకంటే పిల్లలు రావడం మానేశారు. వాళ్ళనేం అనగలం? ఇప్పటి చదువంటే నలుగురు ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి వాదించుకోవడం. మా దగ్గర నోరు విప్పితే బయటికి పంపిస్తాం. అందుకే గుండ్రటి బల్లలు, పెద్ద తెర, వైఫై పెట్టి, గట్టిగా మాట్లాడుకునే వీలుండేలా హాలును మార్చాలని ప్రతిపాదన రాసి పెట్టాను. ఆ కాగితం బల్ల మీంచి కదలకముందే పరీక్షల విభాగం అధికారి టేపు పట్టుకొచ్చి, హాలు పొడుగూ వెడల్పూ కొలుచుకుని వెళ్ళిపోయాడు. జవాబు పత్రాల మూటలు పెట్టుకోవడానికి గోదాం కావాలట.

రిజిస్ట్రార్ గారు ఇద్దరికీ మధ్యలో నిలబడి తీర్పు చెప్పారు. “సోమవారం కమిటీ ఉందమ్మా. మీరు చెప్పే రకం లైబ్రరీ ఎక్కడైనా నిజంగా నడుస్తోందని చూపించండి. చూపించలేకపోతే హాలు వాళ్ళకిచ్చేద్దాం.” అలాంటిది మన జిల్లా పడమటి వైపున, గిద్దలూరులోని ఒక పీజీ కేంద్రంలో కట్టారని ఎవరో చెప్పారు. శనివారం తెల్లారేసరికి ఒంగోలు బస్టాండులో ఉన్నాను.

నేరుగా గిద్దలూరు పోకుండా మార్కాపురంలో దిగాను. పొదిలి మీదుగా మూడు గంటల దారి, టికెట్టు రెండు వందల లోపే. అక్కడ దిగడానికి కారణం ఉంది. నా ప్రతిపాదనలో పిల్లలు రాసుకునే గాజు బోర్డుల ధర చూస్తే కమిటీ వాళ్ళు పగలబడి నవ్వుతారు. గాజెందుకు, జిల్లాలోనే పలకల ఊరుంటే? గుండ్రటి బల్లల మీద పలకరాయి పరిస్తే పిల్లలు తెర మీద చూసి, బల్ల మీద లెక్క కట్టి, తుడిచి, మళ్ళీ రాసుకుంటారు. కమిటీకి చూపించడానికి ఒక నమూనా రాయి కావాలి. పలకల దుకాణం మస్తాన్ గారికి ఇదంతా ఎంతో ఉత్సాహంగా వివరించాను. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు.

“ఏందక్కా, కంప్యూటర్ లైబ్రరీ అంటాండారు, పలక కొంటాండారు?”

“తెర మీద చూసి పలక మీద రాస్తారు. ఇప్పుడు పద్ధతి అదే.”

“మా తాత గూడా అట్లనే చదువుకున్నాడక్కా. తెర ఒకటే తక్కువ” అని నవ్వి, పీట కన్నా కాస్త పెద్దదైన నల్ల రాయి తీసి నున్నగా తుడిచి గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది అదెంత బరువో. నమూనా అంటే చిన్న ముక్క కూడా సరిపోతుందన్న సంగతి నాకు గిద్దలూరు బస్సెక్కి కూర్చున్నాక గానీ తట్టలేదు.

మార్కాపురం నుంచి గిద్దలూరుకు బస్సులో రెండు గంటలు పడుతుంది. ఛార్జీ వందకు కాస్త అటూ ఇటూ. కంభం దాటాక కుడివైపు కిటికీ దొరికితే వదలకండి, నల్లమల కొండలు చాలాసేపు తోడొస్తాయి. నేను మాత్రం కొండల్ని చూసింది తక్కువ, నా ఒళ్ళోని కొండను కాచుకున్నది ఎక్కువ. కండక్టర్ వచ్చి గోనెసంచిని వేలితో కొట్టి చూశాడు.

“ఇదేందక్కా? రాయా? లగేజి కొట్టాల్నా?”

“పలకయ్యా. చదువు సామాను.”

“చదువు సామాను అయితే వదిలేస్తా. ఎవరి కాలు మీదన్నా పడితే మాత్రం నన్ను పిలవొద్దు.” అంతటితో ఆగక, ముందు సీటాయన్ని లేపి వేరే సీట్లో కూర్చోబెట్టాడు. రాచర్ల వైపు గొర్రెల మంద రోడ్డు దాటేటప్పుడు డ్రైవర్ సడన్ బ్రేకు వేస్తే, రాయి జారి ఖాళీ అయిన ఆ సీటు కిందికే వెళ్ళింది. కండక్టర్ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

గిద్దలూరు బస్టాండు ఎదుట చిన్న హోటల్లో జొన్నరొట్టె, గోంగూర పప్పు తిన్నాను. ఎనభై రూపాయలకు కడుపు నిండింది. వడ్డిస్తున్న ఆవిడను పీజీ కేంద్రానికి దారి అడిగితే, “యాడికి? రిబ్బన్ లైబ్రరీకేనా?” అంది. ఎవరో రిబ్బన్ గారు కట్టించారేమో అనుకున్నాను. ఆటో ఎక్కాను, మనిషికి ఇరవై. రాయికి వేరే తీసుకోలేదు, ఆ ఆటోవాడు చల్లగా ఉండాలి.

అక్కడికి వెళ్ళగానే సంగతి అర్థమైంది. కొత్త భవనం, గాజు తలుపులు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి గానీ, గుమ్మానికి అడ్డంగా నడుము ఎత్తున ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. అప్పటికే వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. మధ్యలో పువ్వు ఆకారంలో ముడి. లోపలి నుంచి లైబ్రరీ ఇన్‌ఛార్జి గఫూర్ సార్ ఎదురొచ్చారు. రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డ మనిషి, జేబులో మూడు పెన్నులు, ముఖం నిండా మర్యాద.

“రాండి రాండి మేడం. కొంచెం వంగాల.”

“రిబ్బన్ కోయలేదా?”

“మా నాయకుడు పెద్దాయన వచ్చి కొయ్యాల మేడం. ఒకసారి తేదీ పెట్టినారు, ఎన్నికల కోడ్ అడ్డం వచ్చింది. ఇంకోసారి మూఢం. ఇంకోసారి ఆయనకు గొంతు నొప్పి, ప్రసంగం చేయలేడని రాలేదు. కొయ్యందే ప్రారంభం కాదు. ప్రారంభం గాందే తెరవగూడదు.”

“మరి లోపల పిల్లలున్నారు కదా?”

“వాళ్ళు రిబ్బన్ కొయ్యలేదు గదా మేడం, కింద దూరినారు” అన్నారాయన, ఇంత చిన్న విషయం అర్థం కాని నా మీద జాలిపడుతూ.

నా మోకాళ్ళకు వంగడం అంటే పడదు. ముందు తల పెట్టి, తర్వాత ఒక కాలు పెట్టి, మధ్యలో ఆగి, గఫూర్ సార్ రిబ్బన్‌ను జానెడు పైకెత్తితే ఎలాగో లోపల పడ్డాను. రాయి నా వెనకే నేల మీద జారుతూ వచ్చింది.

లోపల చూస్తే నా ప్రతిపాదన మొత్తం కళ్ళముందు కొలువు తీరి ఉంది, కాకపోతే కవర్లలో. గుండ్రటి బల్లలకు కవర్లు. చక్రాల కుర్చీలకు కవర్లు. పెద్దాయన కూర్చోకముందే చిరిగితే బాగోదని వాటిని ముట్టుకోనివ్వరు. అందుకని ఏడెనిమిది మంది పిల్లలు అంత ఖరీదైన కుర్చీల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పెద్ద తెర నడుస్తోంది గానీ దానికీ కవరు తీయలేదు. అందులో పాఠం చెబుతున్న ప్రొఫెసర్ మంచులో నిలబడ్డట్టు కనిపిస్తున్నాడు. రాసుకునే తెల్లబోర్డుకు పైపొర ఊడదీయలేదు, ఆ పొర మీదే రాస్తే చెరగక మొత్తం నీలంగా అలికినట్టయింది.

ఇంతలో ఎవరో గట్టిగా నవ్వారు. నా వేలు దానంతటదే పెదాల మీదికి పోయింది, “ష్” అన్నాను. ఉద్యోగం అలవాటు. గది మొత్తం గుడిలా మారిపోయింది. సిగ్గేసి, “అయ్యో, మాట్లాడుకోండమ్మా, అది చూడ్డానికే వచ్చాను” అని బతిమాలితే, రెండు నిమిషాలకు మళ్ళీ గోల మొదలైంది. ఆ గోలకు మధ్యలో ఉన్నది శిరీష. రాచర్ల దగ్గర పల్లె నుంచి రోజూ ఆటోలో వస్తుంది, ఎమ్మెస్సీ గణాంకశాస్త్రం. ఇక్కడికే ఎందుకొస్తావని అడిగాను.

“ఇంట్ల గట్టిగా చదివితే గొర్లు బెదురుతాయని మా నాయన అరుస్తాడు మేడం. స్నేహితుల హాస్టల్‌ల చదివితే వార్డెన్ బెదురుతాది. నాకు మనసుల చదివితే ఎక్కదు, ఇంకొకరికి చెప్తేనే ఎక్కుతాది. ఈడైతే ఎవరూ బెదరరు.”

నేను గోనెసంచి విప్పాను. చాక్‌పీసు కోసం వెతికేలోపే పలక చుట్టూ నలుగురు చేరారు. ఒకడు లాప్‌టాప్‌లో లెక్క చదువుతుంటే శిరీష రాస్తోంది, ఇంకో అమ్మాయి మోచేత్తో చెరిపి ‘అట్ల గాదు’ అంటోంది. తప్పెవరిదో తేలేదాకా ఎవరూ తగ్గలేదు. నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి, దాచుకోను. నేను కాగితం మీద రాసుకున్నది ఇదే. ముఖాలు కనపడకుండా వెనక నుంచి ఫొటోలు తీసుకున్నాను.

అప్పుడు గఫూర్ సార్ ఫోను మోగింది. ఆయన విని, పెట్టేసి, “పెద్దాయన మనిషి వస్తాండాడు, గేటు కాడున్నాడంట” అన్నారు. అంతే. తెర ఆగింది, లాప్‌టాపులు మూతపడ్డాయి, చెప్పులు చేతుల్లోకి వచ్చాయి. బాగా అలవాటున్న పని అని తెలుస్తూనే ఉంది. ఒకరి వెనక ఒకరు రిబ్బన్ కింద దూరి వరండాలో బుద్ధిగా నిలబడ్డారు. ముడి కూడా కదల్లేదు. గఫూర్ సార్ కూడా ఆ వయసులో చేపలా జారిపోయారు. లోపల మిగిలింది నేనూ, నా మోకాళ్ళూ, నా రాయీ.

తెల్ల చొక్కా ఆయన వచ్చి రిబ్బన్‌కు అవతల నిలబడి నన్ను చూశాడు. నేను పలకను రెండు చేతులా గుండెకు ఆనించి పట్టుకుని ఉన్నాను, దాక్కోవడానికి అంతకు మించి ఏమీ దొరకలేదు.

“ఎవరీమె? ప్రారంభం గాకముందే లోపలికెట్ల పోయింది?” అని గట్టిగా అడిగాడు. ఆయన చూపు నా ముఖం మీంచి నల్లరాయి మీదికి దిగింది. ముఖం విప్పారింది. “ఓహో, శిలాఫలకం తెచ్చినారా! ముందే చెప్పొద్దా గఫూర్ సాబ్?”

“ఔ సార్, మార్కాపురం రాయి” అన్నారు గఫూర్ సార్. అది అబద్ధం కాదు.

“పెద్దాయన పేరేదీ?”

“తేదీ ఖాయమైనాక చెక్కిస్తాం సార్, పేరూ తేదీ ఒకేసారి.”

“మరి ఈ సున్నం గీతలేంది?” రాయి మీద శిరీష రాసిన లెక్క సగంలో ఉంది.

“కొలతలు సార్” అంది వరండాలోంచి శిరీష. “అక్షరాలు యాడ రావాల్నో గుర్తులు.”

ఆయన సంతృప్తిగా తలూపి, పెద్దాయన పేరు రెండు వరుసల్లో రావాలనీ, తక్కినవాళ్ళ పేర్లు కింద చిన్నగా ఉంటే చాలనీ చెప్పి వెళ్ళిపోయాడు. రాయి లోపలే ఉండాలని కూడా చెప్పి మరీ పోయాడు. ఆ విధంగా నేను మార్కాపురం నుంచి మోసుకొచ్చిన నమూనా గిద్దలూరు పాలైంది. పిల్లలు మళ్ళీ లోపలికి దూరి, ఆపిన చోట నుంచి లెక్క మొదలుపెట్టారు.

సాయంత్రం గఫూర్ సార్ నన్ను బండి మీద బస్టాండులో దింపారు. నాకు ఒకటే బెంగ. “ఆయన మళ్ళీ తేదీ పెడితే ఎలా సార్?”

“పెట్టే ముందు నన్నే అడుగుతారు మేడం, మంచిరోజేనా కనుక్కోమని. అందుకే పంచాంగం కొన్నా. మా ఇంట్లో ఆమె నన్ను చూసి నవ్వుతాంది.”

“మంచిరోజులు లేవా?”

“నేను చూసినంతలో లేవు” అని ఆయన బండి స్టాండు వేశారు. “కోసినాక ఏమైతాది మేడం? టైమింగులు వస్తాయి. కుర్చీలకు నంబర్లు వస్తాయి. గోడకు బోర్డు వస్తాది. ఏం బోర్డో మీకు నేను చెప్పాల్నా?”

సోమవారం కమిటీలో ఫొటోలు చూపించాను. పరీక్షల విభాగం అధికారి జేబులో టేపు ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది. రిజిస్ట్రార్ గారు ఒక్కో ఫొటో చాలాసేపు చూశారు. “పిల్లలు బాగానే చదువుతున్నారమ్మా. కానీ కుర్చీల్లో ఒక్కరూ కూర్చోలేదే?” అంటూనే ఆయన ఎర్రపెన్ను తీసి నా ప్రతిపాదనలో కుర్చీలు కొట్టేసి, మిగతాదంతా మంజూరు చేశారు. టేపు వెనక్కి వెళ్ళింది. హాలు నిలిచింది. బయటికి వస్తుంటే ఆయన వెనక నుంచి, “అన్నట్టు, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి ప్రారంభించేదాకా తెరవకండి” అన్నారు.

ఇన్నేళ్ళూ లైబ్రరీ అంటే పుస్తకాలు, వాటి చుట్టూ నిశ్శబ్దం అనుకున్నవాళ్ళం. కొత్త లైబ్రరీ అంటే తెరలు, చక్రాల కుర్చీలు అనుకోవడం మొదలుపెట్టాం. గిద్దలూరులో నాకు తెలిసింది, ఒకరి తప్పు ఇంకొకరు మోచేత్తో చెరిపేంత చోటు, ఎవరూ బెదరనంత ధైర్యం ఉంటే తక్కినవి కవర్లలో ఉన్నా చదువు సాగుతుందని. ఆ చోటును కాపాడటానికి ఒక మనిషి పంచాంగం తిరగేస్తూ కూర్చున్నాడు. మా హాల్లో బల్లలు, చాపలు వచ్చాయి, తెర వచ్చింది, మార్కాపురం నుంచి పలకరాళ్ళు లారీలో వచ్చాయి. గోడ మీది బోర్డు నేనే దింపాను. పోయిన వారం గుమ్మానికి ఎర్ర రిబ్బన్ కూడా నేనే కట్టాను, రిజిస్ట్రార్ గారు వచ్చి చూసి మెచ్చుకున్నారు. హాలు ఇంకా ప్రారంభం కాలేదు. మధ్యాహ్నం పూట లోపలి గోల మెట్ల దాకా వినిపిస్తోంది.

మీరూ ఇలాంటి పని తలపెడితే ఒక్కటే సలహా: రిబ్బన్ నడుము ఎత్తున కట్టకండి, భుజాల ఎత్తున కట్టండి. లైబ్రేరియన్లకు కూడా మోకాళ్ళుంటాయి.