ఐదు గుళ్ళూ నల్లచుక్కలోనే

నా జన్మలో నేను అతి గొప్పగా చేసిన పని ఒకటే. అదే నా పరువు నిలువునా తీసింది. కంగారు పడకండి, తుపాకీ కథే అయినా ఎవరికీ రక్తం రాదు.

మా మామయ్యగారిది భీమవరం దగ్గర. ఆయనకు రెండు చేపల చెరువులు, ఒక ముసలి రివాల్వరు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆ రివాల్వరును లైసెన్సుతో సహా నా పేరు మీదికి మార్పించారు. అక్కడి షూటింగ్ క్లబ్బు కప్పును మూడేళ్ళుగా పక్క చెరువు సుబ్బరాజుగారు ఎగరేసుకుపోతున్నారు మరి.

"ఈసారి కప్పు మనింటికి రావాలండి, అల్లుడుగారూ."

కొత్తల్లుణ్ణి. మాటిచ్చేశాను. తీరా కాలిస్తే ఒక గుండు ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి!

"గొట్టం అరిగిందండి" అన్నారు మామయ్యగారు. "క్లబ్బులో పోతపోసిన సీసపు గుళ్ళు దానికి వదులు. చెప్పు వదులైతే నడక కుదురుతుందా?"

నేను పాలిటెక్నిక్‌లో మెషీన్ల పాఠాలు చెప్పేవాణ్ణి. కొలతలంటే పూనకం. మైక్రోమీటరు పట్టుకెళ్ళి, క్లబ్బులో ఉన్న గుళ్ళన్నీ కొలిచి, వెంట్రుకవాసి లావున్నవి ఏరాను.

"పెళ్ళిచూపుల్లో నన్నింత పరీక్షగా చూళ్ళేదండి మీరు" అంది మా ఆవిడ.

నెల రోజులు నాలుగో నంబరు గురిబోర్డు మీదే సాధన చేశాను. చివరికి ఒక రకం కుదిరింది. ఐదు గుళ్ళూ బోర్డు నడిమి నల్లచుక్కలో, రూపాయి బిళ్ళంత చోట!

పోటీ రోజున నాలుగో నంబరు దగ్గర నిలబడ్డానో లేదో, సుబ్బరాజుగారు వచ్చారు.

"బాబూ, ఇక్కడ కాస్త నీడగా ఉందండి. మీరు ఐదోదానికి జరుగుతారా?"

"అయ్యో, పెద్దవారు, అడగాలాండి? రండి, రండి!"

జరిగాను. ఊపిరి బిగబట్టి ఐదూ వదిలాను. వెనక బైనాక్యులర్స్‌తో ఉన్న మామయ్యగారు గంతేశారు. "పడ్డాయండి! ఐదూ నల్లచుక్కలోనే!"

రిఫరీ చదివాడు. "నాలుగో నంబరు, సుబ్బరాజుగారు: యాభైకి యాభై. ఐదో నంబరు: సున్నా."

అప్పుడు తెలిసింది, జరిగినవి కాళ్ళే కానీ కళ్ళు కావని. సుబ్బరాజుగారి సొంత గుళ్ళు ఐదూ వెనక మట్టిగట్టులోకి పోయాయి కాబట్టి ఎవరికీ అనుమానం లేదు.

"ఆయ్, నీడలో చెయ్యి భలే కుదిరిందండి" అంటున్నారాయన.

చెబితే పక్కవాడి బోర్డు కాల్చిన వెర్రివాణ్ణి. చెప్పకపోతే ఐదూ గాలికి వదిలినవాణ్ణి. ఏది తక్కువ సిగ్గో నేను తేల్చుకునేలోపే ఆయన కప్పు పట్టుకుని, నన్నూ పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మామయ్యగారు నా చెవి దగ్గరకు వచ్చారు. "ఏమాటకామాటే చెప్పుకోవాలండి, అల్లుడుగారూ. మీరు ఏరిన గుళ్ళు మన రివాల్వరుకే కాదు, సుబ్బరాజుక్కూడా భలే కుదిరాయండి."

ఇందుమూలంగా సమస్త జనులకూ ప్రమాణపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను. ఇకమీదట పెద్దవారికి బస్సులో సీటిస్తాను, భోజనాల్లో ముందు పంక్తి ఇస్తాను. చేతిలో రివాల్వరు ఉండగా మాత్రం, సాక్షాత్తూ దేవుడే చెమటలు తుడుచుకుంటూ వచ్చి అడిగినా, నిలబడ్డ చోటు నుంచి అంగుళం జరగను.